గుట్టమీది పెండ్లిపిల్ల

లింగంపల్లి స్టేషన్ బయట ఐలయ్య చాయ్ హోటల్లో మొగిలి నోరు తెరిచాడంటే, విన్నవాళ్ళలో ఒక్కరికైనా రైలు తప్పిపోవడం ఖాయం. మొగిలి ఎడ్లబండి తోలుకునే మనిషి. రైలు దిగిన సామాను నల్లగండ్లకో, గోపన్‌పల్లికో, కోకాపేటకో చేరవేస్తాడు. ఎడ్లు బహు నెమ్మదివి. ఆ లోటంతా తన నోటితో పూడుస్తాడు. అతను చెప్పిన మాటలో సగం కొట్టేసి, మిగిలిన సగంలో ఇంకో సగం కొట్టేసి వినడం ఆ చుట్టుపక్కల అందరికీ అలవాటే. అయినా వింటారు. అతని భార్య చంద్రమ్మ ఒక్కతే వినదు. ఎన్నోసార్లు విన్నవే కాబట్టి స్టేషన్ గేటు దగ్గర సీతాఫలాల గంప పెట్టుకుని అటు తిరిగి కూర్చుంటుంది.

ఆ సాయంత్రం మొగిలికి ఎదురుగా చెక్కబల్ల మీద కూర్చున్నవాడు రామబ్రహ్మం. కృష్ణా జిల్లా నుంచి వచ్చి పట్నంలో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పే మేష్టారు. మూడు వానాకాలాలుగా నల్లగండ్ల పక్కనున్న పిట్టలగుట్టను ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. ఆ గుట్ట నెత్తిన బండల నీడలో ఒక దొన ఉంది, ఎంత ఎండాకాలంలోనైనా అడుగున కాసిని నీళ్ళు మిగిలే రాతి గుంట. దాని చుట్టూ గోండ్రుకప్పలు బతుకుతున్నాయి. కింద చెరువు గట్టున పులిపిర్ల ఒంటితో గెంతే గోండ్రుకప్పల కంటే ఇవి బాగా చిన్నవి, కడుపు కింద ఇటుకరంగు. ఇంకే గుట్టమీదా కనబడలేదు. ఉన్నవన్నీ పోగేసినా ఒక గంప నిండదు. ఇవి చెరువు కప్పలేనా, లేక వేరే జాతా? అది తేల్చుకోలేక మేష్టారు చిక్కి సగమయ్యాడు.

తేలకపోతే పోనీ అని ఊరుకునే వీలు లేదు. ఒక కంట్రాక్టరు కంకర కోసం ఆ గుట్టను వేలంలో పాడుకున్నాడు. దసరా వెళ్ళగానే మందు పెట్టి పేలుస్తాడు. లోకంలో మరెక్కడా లేని జాతి అక్కడుందంటే సర్కారు ఆపుతుంది. చెరువు కప్పలే అంటే ఎవరూ ఆపరు. రేపు పొద్దున్న పట్నంలో సర్కారు పెద్దవాళ్ళ ముందు నిలబడి రామబ్రహ్మం ఏదో ఒకటి గట్టిగా చెప్పాలి. అనుమానంగా ఉందని నసిగితే ఆ అనుమానం కంకరకే లాభం.

"రూపం వేరుగా ఉంటే చాలదయ్యా ఐలయ్యా," అని చాయ్ చల్లారబెట్టుకుంటూ తన గోడు చెప్పుకున్నాడు. "గుట్టమీద తిండి చాలక చిక్కిపోయిన చెరువు కప్పలే అంటున్నారు మా పెద్ద ప్రొఫెసరు గారు. కాదనడానికి ఒకటే దారి. ఇదీ అదీ ఒకే నీళ్ళలో ఉంచి, జత కట్టి పిల్లల్ని కంటాయేమో చూడాలి. కంటే ఒకే జాతి. ఆడా మగా వానాకాలమంతా కలిసుండి కూడా కనలేదంటే వేరు అనొచ్చు. పట్నం తీసుకెళ్ళి గాజుతొట్లో పెడితే గుట్ట కప్పలు బతకలేదు. ఈ ఏడు వానలు కూడా అయిపోయె. మళ్ళీ జూన్ దాకా అవి జత కట్టవు. అప్పటికి గుట్టే ఉండదు."

ఐలయ్య అయ్యో అన్నాడు. అదే గుట్ట కింద అతని మేకలు తిరుగుతాయి.

"గింతేనా సార్?" అన్నాడు మొగిలి, బీడీ పారేసి. "గీ దానికి మూడేండ్ల సంది గుట్టెక్కి దిగుతుండ్రా? నన్నొక్క మాట అడిగితె అయిపోవు గద. గా పరీచ్ఛ నేను ఎప్పుడో జేసి పక్కకు వెట్టిన."

"ఏం పరీక్ష?"

"గుట్ట కప్పకు, చెరువు కప్పకు లగ్గం జేసిన."

పక్క బల్లమీద నుంచి పకపకా నవ్వాడు బుల్లిబాబు. రామచంద్రాపురం దారిలో ఉన్న పెద్ద కార్ఖానాలో ఫిట్టరు. గోదావరి మనిషి. షిఫ్టు దిగాక మొగిలి కథ ఒకటి వినకపోతే అతనికి అన్నం సయించదు. "మొదలెట్టేశారండీ మొగిలిగారు. మేష్టారూ, జాగ్రత్తండి. చెవిలో పువ్వు పెట్టించుకోడానికి చెవి ఖాళీగా ఉందో లేదో చూసుకోండి."

"నవ్వు బుల్లిబాబూ, నవ్వు. నువ్వప్పుడు మీ గోదాట్ల ఈతలు గొడుతున్నవు. ఈడ సంగతి నీకేమెర్క?" మొగిలి కాళ్ళు మడిచి బల్లమీద స్థిరంగా కూర్చున్నాడు. "మీరు రాకముందటి కరువేడు సార్. చెరువు నెర్రెలు వారింది. బర్లు నిలబడ్డకాడ నిలబడ్డట్టె పడిపోతున్నయి. ఇగ లాభం లేదు, కప్పల లగ్గం జేస్తె వాన పడతది అని ఊరంత కూడినం. మా పటేలు చెరువు కట్ట కింద నెర్రెలకెల్లి ఒక కప్పను గుంజుకొచ్చిండు. పెండ్లిపిలగాడు. మంచిగ లావుగ, దిట్టంగ ఉన్నడు. మరి పిల్ల? గదే చెరువుల ఇంకో కప్పను చూద్దామంటుంటె వీరేశం తాత కట్టె నేలకేసి గొట్టిండు. ఏమనుకుంటుండ్రు మీరు, ఒక్క చెరువుల పుట్టినోళ్ళు అన్నాచెల్లెండ్లు గారా, అన్నాచెల్లెలికి లగ్గం జేస్తె వాన పడతదా నిప్పులు పడతయా అన్నడు. నిజమే గద సార్. మనకైతె ఇంటిపేరు ఉంటది. కప్పకేముంటది? నీళ్ళే దాని ఇంటిపేరు. అందుకని పిల్లను వేరే నీళ్ళకెల్లి తేవాలె. ఊర్ల బావులెండె, కుంటలెండె. నీళ్ళున్నది ఒక్క గుట్టమీద దొనల్నే. గా పిల్లను తెచ్చింది ఎవరనుకున్నరు?"

రామబ్రహ్మం చేతిలో గ్లాసు బల్లమీద పెట్టేశాడు. మూడేళ్ళుగా తన చేత కాని పని ఊరివాళ్ళు వావివరసల లెక్క చూసుకుంటూ ఎప్పుడో చేసేశారు. ఒక నీళ్ళ కప్ప, ఇంకో నీళ్ళ కప్ప.

"నిజంగా దొన దగ్గరి కప్పనే తెచ్చావా మొగిలీ? కడుపు కింద ఎర్రగా ఉండేది?"

"ఎర్రగనా? పెండ్లిచీర కట్టుకున్నట్టె ఉండె. ఇగ నేను గుట్టెక్కుడు వినుండ్రి. బండ పెనం లెక్క కాలుతున్నది. నా చెప్పులు కరిగి బండకు అంటుకపోయినయి, గిప్పటికి ఆడనే ఉన్నయి, పోయి జూసుకోండ్రి. ఉత్త కాళ్ళతోని ఎక్కిన. దొనకాడికి పొయ్యి జూస్తును గద, నీళ్ళల్ల మూతివెట్టి చిరుతపులి!"

"చిరుతా?" ఐలయ్య చాయ్ వడపోత ఆపేశాడు.

"ఒక్కటి గాదు. తల్లి, దాని ఎంబడి కూనలు. వేరేటోడైతె ఆడనే ప్రాణం ఇడుసు. నేనేమన్న? జర జరుగమ్మా, ఆడపిల్లను తీస్కపోనీకె వచ్చిన అన్న. లగ్గం మాట చెవిల వడంగనె అది లేచి, కూనలను పక్కకు జరిపి, నాకు తొవ్వ ఇచ్చింది. మర్యాద సార్. మనుషులల్ల పోయింది గని జంతువులల్ల ఇంక ఉన్నది."

రామబ్రహ్మం వినడం అంటే బియ్యంలో రాళ్ళు ఏరుకోవడం లాగే ఉంది. గుట్ట, దొన, ఎర్రకడుపు కప్ప ఇటు. చెప్పులు, చిరుత అటు.

"అది సరే. ఆడకప్ప అని ఎలా పోల్చుకున్నావు?"

"గదేం అడుగుడు సార్? పిల్ల పిలగాని కంటె పొట్టిగుండాలె, నాజూగ్గుండాలె. నేను తెచ్చిన పిల్ల పిలగాని సగం లేదు. అరచేతుల వెట్టుకుంటె సిగ్గుతోని కండ్లు మూసుకున్నది. తలరుమాల్ల మూటగట్టుకొని దిగుతుంటె దారిల ఒంటికి పోసింది. గా చుక్క వడ్డకాడ వడ్డట్టె గడ్డి మొలిచింది, కరువుల!"

రామబ్రహ్మం ఒక్క క్షణం ఆగాడు. గోండ్రుకప్పల్లో ఆడదే పెద్దది, మగది చిన్నది. అయితే గుట్టమీదివి ఆడైనా మగైనా అన్నీ చిన్నవే కదా, ఇతనికి దొరికింది ఆడదే అయ్యుండకూడదా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. కావలసిన మాట దొరుకుతున్నప్పుడు చదువుకున్నవాడు కూడా పెద్దగా బేరమాడడు.

"ఇగ లగ్గం," అని మొగిలి గొంతు పెంచాడు. "పందిరేసినం. ఐరేని కుండలు తెచ్చినం. పిల్ల తండ్రిని నేనే. పిలగాని కాళ్ళు గడగాలె గద. మనకైతె రెండే, వానికి నాలుగాయె. ముందటి రెండు గడిగేవరకు వాడు ఎనకటి రెంటితోని ఎగిరి దుంకి పొయ్యి పటేలు నెత్తిమీద గూసున్నడు. పెండ్లికొడుకాయె, ఏమంటం? పటేలు కదలకుంట మెదలకుంట అట్లనె ఉన్నడు. జిలకర బెల్లం, తలంబ్రాలు అన్ని ఆయన నెత్తిమీదనే అయినయి. అప్పటిసంది ఆయన బట్టతల మీద ఎంటికలు మొలుసుడు షురువైంది."

"మట్టెలు కూడా తొడిగారాండీ?" అన్నాడు బుల్లిబాబు కళ్ళు తుడుచుకుంటూ.

"తొడగకుంట పంపుతనా నా బిడ్డను? మట్టెలు జేసే అవుసలాయన దాని కాలివేళ్ళు లెక్కవెట్టలేక ఊరిడిసి పొయ్యిండు, ఇంకొగ మనిషిని తెప్పిచ్చినం. సాయంత్రం బరాతు. గోల్కొండ కాడి ఒక నవాబు సాబు తెల్లగుర్రం పంపిచ్చిండు."

"గుర్రం మీద కప్ప నిలబడుతుందా అండీ?"

"నిలబడుడేంది? లగాము పట్టింది. గుర్రమే భయపడ్డది. ముందట డప్పులు, ఎనక బ్యాండు, బ్యాండు ఎనక చుట్టపోళ్ళు. అంటె కప్పలు. కోకాపేట కెల్లి, మాదాపురం కెల్లి, యాడాడి కెల్లినో వచ్చినయి, బడిపిల్లలు పోయినట్టు వరుస తప్పకుంట దుంకుకుంట పోతున్నయి. రోడ్డు మీద బస్సాగింది. కండక్టరు దిగి ఎవరి బరాతని అడిగి, తెలిసినంక టోపి తీసి పక్కకు నిలవడ్డడు. గా బరాతు మా వాకిట్లకు మళ్ళిందో లేదో, అప్పుడేమైందో ఎర్కేనా?"

"వాన," అన్నాడు ఐలయ్య భక్తిగా.

"వానంటె వానా? ఒక్కొక్క చినుకు బిందెంత. మా ఎడ్లబండి పడవైంది, ఎడ్లే తెడ్లు. నల్లగండ్ల నీళ్ళు వచ్చి గీ లింగంపల్లి ప్లాటుఫారం ఎక్కినయి. స్టేషన్ మాస్టరు కిటికిలకెల్లి టికెటిస్తె ప్యాసింజరు చేతుల కొర్రమట్ట వడ్డది. వాడు గా చాపనే చూపిచ్చుకుంట సికింద్రాబాదు దాక పొయ్యిండు. టీసీ గూడ ఒక్క మాట అనలే, పంచ్ కొట్టి ఇచ్చిండు."

హోటలంతా గొల్లుమంది. రైలు కోసం వచ్చినవాళ్ళు రైలు సంగతి మరిచి చుట్టూ మూగారు. రామబ్రహ్మం ఒక్కడు నవ్వలేదు. కొర్రమట్టను, పడవను అటు పారేసి, బల్ల అంచు పట్టుకుని ముందుకు వంగాడు.

"మొగిలీ, ఆ తర్వాత సంగతి చెప్పు. పెళ్ళయ్యాక ఆ రెండు కప్పల్నీ ఏం చేశారు? వదిలేశారా?"

"ఎట్ల ఇడుస్తం సార్? ఇడిస్తె వాన పోదా? మా ఇంటి ముందట రాతితొట్టి ఉన్నది. దాంట్ల నీళ్ళు వోసి, ఇంత మట్టి ఏసి, మీద తడిక గప్పిన. వానకాలమంత ఆడనే కాపురం. చంద్రమ్మ పురుగులు దెచ్చి ఏస్తుండె."

"రెండూ బతికాయా?"

"బతుకుడేంది, బలిసినయి."

"గుడ్లు పెట్టాయా? తోకకప్పలు, పిల్లలు, ఏమైనా?"

మొగిలి మొదటిసారి గొంతు తగ్గించాడు. "లేదు సార్. గదొక్కటే లోటు. ఊరంత వచ్చి తొట్టిల తొంగి జూసి పోతుండె, ఏమన్న ఇశేషమా అని. ఒక్క నలుసు లేదు."

"అది మాత్రం నిజం సార్," అన్నాడు ఐలయ్య. "నేను గూడ చాలా సార్లు పొయ్యి జూసిన. నీళ్ళు తేటగ ఉండె. ఒక్క తోకకప్ప కనవడలె. వీరేశం తాత చచ్చిపొయ్యే ముందు గూడ అదే రంధి పెట్టుకున్నడు."

రామబ్రహ్మం లేచి నిలబడ్డాడు. మనిషికి కొత్త రక్తం ఎక్కినట్టయింది. వానాకాలమంతా ఒకే తొట్టిలో, తిండికి లోటు లేకుండా, ఆడా మగా కలిసుండి కూడా పిల్లలు లేరు. చూసిన సాక్షులు ఊరంతా. ఇంతకంటే ఏం కావాలి? ఇది వేరే జాతే. మూడేళ్ళుగా లోపల్లోపల తను అనుకుంటున్న మాటే.

"చాలు మొగిలీ! ఇంక ఒక్క ముక్క కూడా అక్కర్లేదు. రేపు పొద్దున్న నాతో పట్నం రా. ఐలయ్యా, నువ్వూ రావాలి. పెద్దవాళ్ళ ముందు ఇదే చెప్పండి. గుర్రం వద్దు, చిరుత వద్దు. గుట్ట కప్పా చెరువు కప్పా ఒకే తొట్టిలో ఉన్నాయి, పిల్లలు పుట్టలేదు. అంతే. గుట్ట మీద ఇంకెవడూ చెయ్యి వెయ్యడు."

"గుట్ట నిలవడ్డట్టేనా సార్?"

"నిలబడ్డట్టే."

ఐలయ్య అందరికీ ఇంకోసారి చాయ్ పోశాడు. బుల్లిబాబు కూడా ఎగతాళి మాని మొగిలి వీపు తట్టాడు. ఆ చాయ్ తాగి మొగిలి ఇంటికి పోయుంటే బాగుండేది. కానీ ఇంతమంది తనవైపే కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తుంటే, చేతిలో చాయ్ వేడిగా ఉంటే, నోరు మూసుకునే విద్య మొగిలికి ఎవరూ నేర్పలేదు.

"అసలు సంగతి జెప్పనే లేదు గద సార్. పెండ్లిపిల్ల పాట."

"ఏం పాట?" అన్నాడు రామబ్రహ్మం నవ్వుతూనే. ఇక ఏం చెప్పినా తనకు ముచ్చటే.

"లగ్గమైన తెల్లారే షురువు వెట్టింది. మొదలు మొదలు సన్నగనే పాడె. కొత్త కోడలాయె, సిగ్గుంటది. వాన ఎక్కువైన కొద్ది గొంతు ఇడిసింది సార్! మా ఇంటి పెంకులు లేచి లేచి పడుతున్నయి. కోకాపేటోళ్ళు మనుషులను పంపిండ్రు, జర ఆపుమనుండ్రి, మా బర్లు పాలు చేపుతలేవని. గోల్కొండ కోట కాడ చప్పట్లు గొడితె మీద దాక ఇనవడతదంటరు చూడు, గది మా పిల్ల పాటకు మారు పలుకుడు మరిగి, చప్పట్లకు పలుకుడు బందువెట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకనాడు గిట్లనే పాట అందుకున్నది. అప్పుడు టైమెంత? పగటీలి, షిఫ్టు ఇంక అయిపోనే లేదు. మీ కార్ఖానల పనోళ్ళందరు సైరన్ మోగిందనుకొని టిఫిన్ డబ్బలు వట్టుకొని గేటు దాటి వచ్చిండ్రు."

"ఓహో, ఆ సైరను మీదేనాండీ!" అన్నాడు బుల్లిబాబు. "మా ఫోర్‌మన్ ఇప్పటికీ పాతవాళ్ళని తిడుతున్నాడు."

"మా బిడ్డదే. నీతోని చెప్పుకునేటందుకు నామోషిగ ఉండె. బొంబాయి రైలు డ్రైవరు గూడ ఎదురుంగ ఇంకో రైలు కూత వెట్టుకుంట వస్తున్నదనుకొని బ్రేకేసి దిగి పొలాల వడి ఉరికిండు. ఆఖరుకు నేను తొట్టికాడికి పొయ్యి, బిడ్డా, నీ గొంతుకు దండం, రేడియో వాళ్ళు వచ్చేదాక జర ఊకో అని బతిమిలాడితె గప్పుడు ఆపింది."

హోటల్లో నవ్వులు మిన్నంటాయి. రామబ్రహ్మం కూడా నవ్వుతున్నాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు.

"మొగిలీ. పాడింది పెళ్ళికొడుకు కదూ?"

"పిలగానిది వేరే సార్. నేను జెప్పేది పిల్ల సంగతి."

"సరిగ్గా గుర్తు తెచ్చుకో. చిన్నది, ఎర్రకడుపుది, అది అరిచిందా?"

"అరుసుడా? రైలాపిందని జెప్తుంటిని గద!"

రామబ్రహ్మం మెల్లగా మళ్ళీ బల్లమీద కూర్చున్నాడు. మొహంలో ఇందాకటి వెలుగు లేదు.

"ఆడకప్ప పాడదు మొగిలీ. వానాకాలంలో చెరువు దగ్గర మనకు వినబడే ఆ బెకబెకలన్నీ మగవాటివే. ఆడవాటిని పిలవడానికే ఆ పాట. పాడిందంటే అది పెళ్ళికూతురు కాదు."

అందరికంటే ముందు బుల్లిబాబుకు వెలిగింది. "అంటే... ఇద్దరూ మగపెళ్ళివారేనాండీ?"

"అప్పుడు పిల్లలు పుట్టలేదనడంలో వింతేముంది? ఒకే జాతైనా పుట్టరు, వేరైనా పుట్టరు. ఏదీ తేలనట్టే."

ఐలయ్యకు గుట్ట కళ్ళముందు తిరిగింది. వడపోత గుడ్డ అవతల పారేసి ముందుకొచ్చాడు. "సార్, సార్, గదేం మాట! పాట కోత సార్! మొగిలన్న సంగతి మీకెర్కలేదా? రైలాపిందంట, సైరనంట, ఎవడన్న నమ్ముతడా? లగ్గం నిజం, తొట్టి నిజం, పిల్లలు లేంది నేను జూసిన. గీ పాటొక్కటి ఉత్త కోత!"

"కోతేనండీ!" అన్నాడు బుల్లిబాబు. "మేష్టారూ, గుర్రాన్ని తీసేశారు, చిరుతను తీసేశారు, దీన్నీ తీసెయ్యండి."

"కోతే! కోతే!" అన్నారు చుట్టూ నిలబడ్డవాళ్ళు. అందరూ కలిసి మొగిలి వైపు చూశారు. ఒక్కసారి ఒప్పుకుంటే చాలు, గుట్ట దక్కుతుంది. కానీ అన్నమాట వెనక్కి తీసుకోవడం మొగిలి పుట్టిన దగ్గర్నుంచి ఎవరూ ఎరగరు. చెప్పులు బండకు అతుక్కున్నాయన్నవాడు, కాదని నిలదీస్తే బండే కరిగిందంటాడు గాని తగ్గడు.

మొగిలి రామబ్రహ్మం మొహం చూశాడు. రెండుసార్లు దగ్గాడు.

"అవ్ సార్," అన్నాడు తల వంచుకుని. "పాట ఉత్తదే. నోరూకోక జెప్పిన. నేను కోతలు గొడత సార్, అందరికెర్కే. పిల్ల పాడలే. దాని నోట్లకెల్లి ఒక్క మాట రాలే."

రామబ్రహ్మానికి ప్రాణం లేచొచ్చింది. ఆ క్షణంలో మొగిలిని కౌగిలించుకోవాలనిపించింది. చిరుతను నమ్మనివాడు పాటను మాత్రం ఎందుకు నమ్మాలి, అంత పెద్ద రైలును ఆపిన పాటను? "ఒట్టేగా?" అన్నాడు. "రేపు అక్కడ కూడా ఇదే అంటావుగా?"

"అంట సార్. కోతని అందరి ముందట ఒప్పుకుంట."

"ఏంది కోత?"

గంప నెత్తిన పెట్టుకుని చంద్రమ్మ వచ్చి నిలబడి ఉంది. చీకటి పడుతోందని మొగిలిని బండి కట్టమనడానికి వచ్చింది. అందరూ కోత కోత అని కేకలేయడం, ఎన్నడూ తల వంచని మొగిలి తల వంచుకోవడం మాత్రమే ఆమె కళ్ళబడ్డాయి.

"ఏం లేదక్కా," అన్నాడు ఐలయ్య గాభరాగా. "పెండ్లిపిల్ల పాడిందని మొగిలన్న ఊకె..."

"నువ్వు ఊకో చంద్రమ్మా, పా, పోదాం," అంటూ మొగిలి ఆమె చెయ్యి పట్టుకోబోయాడు.

"నేనెందుకూకుంట?" చంద్రమ్మ గంప దించి నేలమీద పెట్టింది. "పది మంది గూడి నా ఇంటాయనను తల వంచుకునేటట్టు జేస్తె చూసుకుంట ఊకోవాల్నా? గుర్రం కోత. చిరుతపులి కోత. నాకెర్కలేదా? మనువాడిన కాడికెల్లి ఇంటున్న, ఒక్కనాడు కాదన్ననా? గని పిల్ల పాడిందన్నది నిజం సార్. నెత్తిమీది పసుపు ఇంకా పోనే లేదు, గొంతుకింద తిత్తి ఇంత ఉబ్బిచ్చి పాడింది. దీపం వట్టుకొని పొయ్యి నా కండ్లతోని జూసిన. ఇన్నేండ్లకు ఈ మనిషి నోట్లకెల్లి ఒక్క నిజం వస్తె, దాన్ని వట్టుకొని కోతంటరా మీరందరు?"

మొగిలి కళ్ళు మూసుకున్నాడు. ఐలయ్య ఖాళీ గ్లాసులు ఏరుకోవడం మొదలుపెట్టాడు. రేపు పెద్దవాళ్ళ ముందు తను చెప్పగలిగింది అనుమానంగా ఉందన్న మాట ఒక్కటేనని రామబ్రహ్మానికి తెలిసిపోయింది. అయినా ఆశ చావక, ఆ లావుపాటి పెళ్ళికొడుకే ఆడదేమోనని, ఎంతో మర్యాదగా అడిగాడు.

"పెళ్ళికొడుకు సంగతేమిటమ్మా? వాడూ పాడాడా?"

"పాడకేంది సార్?" చంద్రమ్మ మొహం విప్పారింది. ఇంతసేపటికి ఒక పెద్దమనిషి తమ మాట నమ్మాడు. "ఒకరాపితె ఒకరు, ఇద్దరు పోటివడి పాడిన్రు. గంత జోడైన లగ్గం మా ఊర్లె మళ్ళ కాలే."